జోసెప్పు మెడలో వేసిన దండ

మా వాళ్ళలో ఒక మాట ఉంది. మా ఊరి పొలిమేర దాటితే అది ఎవరికీ అర్థం కాదు. తనను వెక్కిరిస్తున్నారని తెలియక పళ్ళికిలిస్తూ నిలబడ్డవాణ్ణి చూసి "జోసెప్పు దండ ఏసుకున్నాడు" అంటారు. పెళ్ళిలో కొత్త పెళ్ళికొడుకుని మరదళ్ళు అంటారు. పంచాయతీ ఎన్నికలో ఓడిపోయి కూడా గెలిచినవాడి ఊరేగింపులో నడిచినవాణ్ణి అంటారు. అనేవాళ్ళలో సగం మందికి ఆ జోసెప్పు ఎవరో తెలియదు. తాతల నాటి మాటలా వాడేసుకుంటారు. నాకు తెలుసు. ఆ దండ ఎందుకు పడిందో కూడా తెలుసు. అయినా ఇన్నేళ్ళూ ఆ మాట విన్నప్పుడల్లా అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ సంగతి ముందుగానే చెప్పేస్తున్నాను. అది దాచుకుని మిగిలింది రాస్తే రాసినట్టు కాదు.

నేను పుట్టింది ఒడిశా తీరంలోని రామయ్యపట్నంలో. ఇప్పుడు బరంపురంలో నా కొడుకు ఎర్రన్న ఇంట్లో ఉంటున్నాను. వాడు చేపలకు ఐసు వేసి లారీల మీద దూరాలకు పంపే వ్యాపారం చేస్తాడు. వాడి కూతురు లిప్సా కాలేజీలో చదువుతోంది, కాలేజీ ఆడపిల్లల జట్టులో ఫుట్‌బాల్ ఆడుతుంది. దాని పేరు ఒడియా పేరు, మాట సగం ఒడియా, తిట్లు మాత్రం మనవే. మా కోడలు ఇచ్ఛాపురం పిల్ల, తెలుగు బడిలో చదువుకుంది. ఇంట్లో కూర్చోబెట్టి లిప్సాకి తెలుగు అక్షరాలు దిద్దిస్తుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. అప్పటికి నాకు యాభై దాటాయి. నా రాతలో తప్పులుంటే కోడలు సరిచేస్తుంది. ఈ కాగితాలు మాత్రం అక్షరాలు సరిచెయ్యడానికే ఇస్తాను, సంగతి సరిచెయ్యడానికి కాదు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం లిప్సా మంచం మీద బోర్లా పడుకుని ఫోనులో ఎవరితోనో పోట్లాడుతోంది. ఏటే అంటే చెప్పింది. మన దేశం పెద్ద లీగులోకి ఏదో దేశం నుంచి ఒక పేరున్న ఆటగాడు వచ్చాడట. అక్కడ పులి. ఇక్కడికొచ్చి ఆరు ఆటలాడాడు, ఒక్క గోలు లేదు. వీడు మన లీగుకి అలవాటు పడతాడా పడడా అని స్నేహితులందరూ రెండు పార్టీలై రాసుకుంటున్నారు. ఎండకి తట్టుకోలేడని ఒకరు, మన కుర్రాళ్ళు వాడికి బంతి సరిగా అందించరని ఒకరు, ముసలితనంలో సంపాదనకొచ్చాడని ఒకరు. లిప్సా పడడనే పార్టీ.

"ఆడికి ఏటెడతన్నారే తినడానికి?" అన్నాను.

అది నవ్వింది. ఆడికి వంటవాడు వేరే ఉంటాడట, డాక్టరు ఉంటాడట, ఏ పూట ఏది ఎంత తినాలో కాగితం మీద రాసిచ్చే మనిషి వేరే ఉంటాడట.

"రాసిచ్చీ ముందర ఆడినడుగుతారా, ఏటి తింటావని?"

"నీకేటి మామ్మా, ఆడి తిండితోటి? గోలు కొట్టనోడికి జోసెప్పు దండ ఎయ్యాల, అంతే," అంటూ మళ్ళీ ఫోనులో పడింది. నేను బియ్యం ఏరుతున్నాను. రాళ్ళు ఏవో బియ్యం ఏవో కాసేపు కనిపించలేదు.

మా నాయిన ఇల్లు ఇసుక మీదే ఉండేది. తలుపు తీస్తే పడవలు, పడవల వెనక సముద్రం. మగవాళ్ళు ఇంకా వెలుగు రాకముందే వెళ్ళిపోయేవారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి నాయిన చెల్లెలు గౌరత్త పొయ్యి మీద ఉలవలు వేసి, అడ్డచుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని గడపలో కూర్చునేది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నన్ను పెంచింది గౌరత్తే. ఆమె చుట్ట నోట్లోంచి తియ్యకుండానే తిట్టగలదు, పాడగలదు, బేరమాడగలదు. చేప దిగాక ఇక మా పని. పొట్ట చీల్చడం, కడగడం, తొట్టిలో ఉప్పేసి ఒక పూట ఉంచడం, మర్నాడు తీసి పాత వలల మీద ఇసుకలో పరవడం, ఎండ తిరిగినప్పుడల్లా తిప్పడం, కాకుల్ని తోలడం. మా జుట్టు ఆ వాసన, మా బియ్యం ఆ వాసన, పెట్టెలో మడిచిపెట్టిన పెళ్ళి చీర కూడా ఆ వాసన. ఊళ్ళో ఉన్నంతసేపు అది వాసన అని కూడా మాకు తెలియదు. బరంపురం బస్సెక్కితే తెలిసేది. పక్కన కూర్చున్నవాళ్ళు లేచి ఇంకో చోట నిలబడేవారు.

ఇసుక మీద ఎండే చేపకి కాపలా ఉండదు. పడవ పడవకీ, ఇంటి ఇంటికీ చేప పక్కపక్కనే పరిచి ఉంటుంది, మధ్యలో గీత కూడా ఉండదు. ఒకరి చేప ఇంకొకరు ముట్టరు. ఆకలేస్తే వెళ్ళి అడగాలి, లేదనే వాళ్ళు లేరు. అడక్కుండా ఒక్క చేప తీసినా దొంగే. అలాంటివాడి మెడలో కులపెద్దలు ఎండు చేపల దండ వేసి, ఈ చివరి పడవ నుంచి ఆ చివరి పడవ దాకా నడిపించేవారు. ఆ తర్వాత వాణ్ణి ఏ పడవా ఎక్కించుకోదు. నాకు తెలిసి అప్పటికి ఆ దండ ఒక్కడికే పడింది. వాడు మర్నాడే ఊరు విడిచి సూరత్ పోయాడు.

మా ఊరి కుర్రాళ్ళు సముద్రం పోటు మీద ఉన్న రోజుల్లో తడి ఇసుకలో బంతాట ఆడేవారు. కాళ్ళలో బలం ఎక్కువ, బూట్లు లేవు. బరంపురం లీగులో మా ఊరి సంఘానికి కూడా ఒక చోటు దొరికింది. మైదానంలోకి మా వాళ్ళు దిగగానే చుట్టూ జనం ముక్కులు మూసుకుని "శుఖువా, శుఖువా" అని అరిచేవారట. ఒడియాలో ఎండు చేప అని. మా నాయిన సంఘానికి పెద్ద. ఆట ఓడిపోయినందుకు ఆయన ఏనాడూ బాధపడలేదు, ఆ అరుపుకి మాత్రం ఇంటికొచ్చి అన్నం తినేవాడు కాదు. ఒక ఏడు రొయ్య విరగబడి పడింది. పడవలవాళ్ళందరి చేతులూ ఆడాయి. కలకత్తాలో ఆఫ్రికా నుంచి వచ్చిన ఆటగాళ్ళున్నారని, ఒక్కడు వస్తే టౌను వాళ్ళ నోళ్ళు మూతపడతాయని ఎవరో అన్నారు. మనిషిని పంపారు. అలా వచ్చాడు జోసెప్పు. ఘానా అనే దేశం. ఆరడుగుల పైన మనిషి, మా గుమ్మంలో వంగి వచ్చేవాడు. మా ఇంటి వెనక వలలు పెట్టుకునే గది ఖాళీ చేసి వాడికిచ్చారు.

వాడు వచ్చిన రోజే నాయిన ఇంట్లో ఆజ్ఞ వేశాడు. వాడికి మన తిండి పెట్టకూడదు. బరంపురం నుంచి బస్సు మీద రొట్టె వస్తుంది. పాలు, ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు. ఆదివారం కోడి, కారం లేకుండా. ఎండు చేప వాడి కంచం దరిదాపులకు రాకూడదు.

"ఆడు దొర. ఆడి ఒంటికి మన కంపు అంటిందంటే టౌనోలు ఆణ్ణి కూడా శుఖువా అంతారు. అప్పుడాణ్ణి తెచ్చి ఏటి లాబం?" అన్నాడు.

గౌరత్త చుట్ట అటు నుంచి ఇటు తిప్పింది. "దొరంటే తెల్లగుంతాడనుకున్నాను. ఈడు మన దానయ్య కంటే ఓ సాయ ఎక్కువే ఉన్నాడు. ఈడికి రొట్టేటి?" అంది. దానయ్య నా మేనబావ, గౌరత్త కొడుకు. మా ఇద్దరికీ చిన్నప్పుడే మాటైపోయింది. వాడు జట్టులో ఆడేవాడు కూడా. ఆ మాటకి అందరి కంటే గట్టిగా నవ్వింది వాడే.

జోసెప్పు గౌరత్త నోట్లో నిప్పు చూసి మొదటి రోజు బెదిరిపోయాడు. రెండో రోజు తనకీ ఒకటిమ్మని చెయ్యి చాపాడు, అడ్డంగా పెట్టుకుని నాలుక కాల్చుకున్నాడు, ఇసుకలో గెంతాడు. గౌరత్త నవ్వలేక కళ్ళనీళ్ళు తుడుచుకుంది. మనిషి అలాంటివాడు. పిల్లలతో ఆడేవాడు, పడవ దించేటప్పుడు వచ్చి భుజం పెట్టేవాడు. వాడు భుజం పెట్టిన తీరు చూసి మా చిన్నాన్న ఒకడు, ఈడికి పడవ కొత్త కాదురా అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగు ఆటలు ఆడాడు. ఒక్క గోలు లేదు. ఆడవాళ్ళం ఆటకి వెళ్ళేవాళ్ళం కాదు, పడవల దగ్గర మగవాళ్ళ మాటలే మాకు ఆట. ఆడు మన లీగుకి అలవాటు పడడు అన్నారు. వాళ్ళ దేశంలో గడ్డి మెత్తగా ఉంటుందట, ఇక్కడ గట్టినేల. వాళ్ళకి వాన వేరు, ఎండ వేరు. కలకత్తా వాళ్ళు పనికిరాని సరుకు అంటగట్టారు. ఈ మాటలే, అచ్చం ఈ మాటలే పోయిన నెల లిప్సా నోట విన్నాను. నాకు బంతి సంగతి తెలియదు. ఆకలి మొహం తెలుసు. రొట్టె సగం తిని కంచం పక్కకి నెట్టి, మా వంటింటి వైపు తిరిగి కూర్చునేవాడు. నేను పులుసు తిరగమోత వేసినప్పుడు వాడి గదిలో చప్పుడు ఆగిపోయేది. బుగ్గలు లోపలికి పోయాయి.

ఒక పొద్దున నేను ఇసుక మీద ఎండేసిన కవ్వళ్ళ చేపల్ని తిప్పుతున్నాను. జోసెప్పు వచ్చి నాలుగడుగుల దూరంలో గొంతుకూర్చున్నాడు. చేపని చూపించాడు, తన గుండెని చూపించాడు, సముద్రం అవతలికి చెయ్యి చాపాడు. తర్వాత చేతులతో మొత్తం చేసి చూపించాడు. పొట్ట చీల్చడం, కడగడం, ఉప్పెయ్యడం, పరవడం. ఉప్పు చల్లేటప్పుడు వేళ్ళు ఎలా విదిలిస్తామో అలాగే విదిలించాడు. అది చూసి నవ్వొచ్చింది నాకు. అంతా చూపించి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ముట్టలేదు. ఇది నేను గట్టిగా రాయాలి. మూరెడు దూరంలో వల నిండా చేప ఉంది, వాడు ముట్టలేదు. అడిగాడు.

నాలుగు కవ్వళ్ళు తీసుకెళ్ళి పొయ్యి బూడిదలో కాల్చి తెచ్చిచ్చాను. తల ముందు తిన్నాడు, మేం తిన్నట్టే. ముల్లు కూడా నమిలాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత తరవాణి అన్నం పెట్టాను, పచ్చిమిరపకాయ కొరుక్కుని తాగేశాడు. అప్పటి నుంచి రోజూ గౌరత్త తట్ట నెత్తిన పెట్టుకుని బస్సు దగ్గరికి వెళ్ళాక, ఉప్పు తొట్టెల వెనక వాడికి పెట్టేదాన్ని. మా మధ్య మాటలు లేవు. వాడికి వచ్చిన తెలుగు "బాగుంది", "అమ్మా" రెండే. నాకు ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా రాయడం రాదు. నా వయసు ఇరవై లోపు. తింటున్న మనిషిని చూస్తే నాకు సంతోషంగా ఉండేది, అంతకు మించి ఏమీ లేదు. ఉందని తర్వాత కొందరు అనుకున్నారేమో నాకు తెలియదు.

ఐదో ఆటలో రెండు గోల్స్ కొట్టాడు. టౌను మైదానంలోనే వాడి మెడలో బంతిపూల దండలు వేశారు, మావాళ్ళు భుజాల మీద మోశారు. దండ వేసేటప్పుడు తల వంచాలని, తర్వాత చేతులు జోడించాలని ఎవరో నేర్పారు. ఊరికొచ్చి ఆ దండతోనే మా గుమ్మంలో నిలబడి అందరికీ దండం పెట్టాడు. ఆరో ఆటా గెలిచారు. పాలూ గుడ్లూ ఇన్నాళ్ళకి వంటబట్టాయని నాయిన మీసం తిప్పాడు. నేను పొయ్యి ముందు కూర్చుని నవ్వుకున్నాను.

ఏడో ఆటకి వెళ్ళే ముందు వాడు సంచీ చూపించి, చెయ్యి నోటికి పెట్టి సైగ చేశాడు. పాత ఓణీ చింపి, ఆ ముక్కలో కాల్చిన కవ్వళ్ళు మూటకట్టి ఇచ్చాను. నా తెలివితక్కువతనం అంతా ఆ మూటలో ఉంది. మైదానం పక్కన సంచీలోంచి బూట్లు తీస్తుంటే మూట జారి విప్పుకుందట. అవతలి జట్టువాళ్ళు అక్కడే ఉన్నారు. ముక్కులు మూసుకుని "శుఖువా దొర" అని మొదలుపెట్టారు. ఆట జరిగినంతసేపూ మైదానమంతా అదే మాట. మావాళ్ళు ఓడిపోయారు. నాయిన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, ఎవరి మొహం చూడకుండా అడిగాడు, ఆ మూట ఎవరిచ్చారని. రేపు పెద్దలు అడుగుతారు అన్నాడు.

పొద్దు వాలుతుంటే దానయ్య తొట్టెల దగ్గరికి వచ్చాడు. పిడికిట్లో నా ఓణీ ముక్క ఉంది. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"పొయ్యిలో ఎట్టీ," అన్నాడు.

నేను ముక్కని గుప్పిట్లో మడిచాను.

"రేపు ఆడే తీసినాడని సెప్పు. నువ్వెట్టినావంటే మరి మన పెల్లి ఉండదు, మాయమ్మ తలెత్తుకోలేదు. ఆడిదేటి, పోయీవోడు. మిగిలింది నాను సూసుకుంతాను."

ఓణీ ముక్క పొయ్యిలో పెట్టాను. చేప నూనె అంటింది కదా, భగ్గున మండింది.

మర్నాడు పొద్దున పెద్దలు పడవల దగ్గర కూర్చున్నారు. జోసెప్పుని పిలిచారు. వాడు నవ్వుతూ వచ్చి అందరికీ దండం పెట్టాడు. నాయిన నన్ను పిలిచాడు. "ఒలే పోలమ్మా. నువ్విచ్చినావా, ఆడు తీసినాడా?"

"నానివ్వనేదు నాయినా. ఇసక మీంచి ఆడే తీసినాడు."

జోసెప్పు నన్నే చూస్తున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు వాడికి. ఊళ్ళో తనకి అన్నం పెట్టిన ఒకే ఒక్క మనిషి పెద్దల ముందు నిలబడి తన గురించి ఏదో చెబుతోంది, అంతే తెలిసింది. తన గురించి మంచి చెబుతున్నాననుకున్నాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని నా వైపు తల ఊపాడు.

వలదారానికి కవ్వళ్ళు గుచ్చి దండ తెచ్చారు. వాడు తల వంచాడు. దండ పడ్డాక చేతులు జోడించి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, అటూ ఇటూ తిరిగి అందరికీ దండం పెట్టాడు. ముందు ఎవరో ఒకడు ఆపుకోలేక నవ్వాడు. తర్వాత ఇసుకంతా నవ్వింది. వాళ్ళు నవ్విన కొద్దీ వాడు ఇంకా వంగి దండం పెట్టాడు. దానయ్య నవ్వలేదు. నేను ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను, కాబట్టి నడిపించింది నేను చూడలేదు. సగం దూరం దాకా చేతులు ఊపుతూ నడిచాడట. ఎవరో తడి ఇసుక ముద్ద చేసి వీపు మీద కొట్టారట. అప్పుడు ఆగిపోయాడట.

మా ఊరి బడిలో ఇంగ్లీషు వచ్చిన మనిషి పాణిగ్రాహి మాస్టారు ఒక్కరే. ఒడియా బ్రాహ్మడు, చేప ముట్టడు, ముప్ఫై ఏళ్ళు మా మధ్యే బతికాడు. ఎవరు చెప్పారో, సైకిలేసుకుని వచ్చాడు. జోసెప్పుని పక్కకి తీసుకెళ్ళి అడిగాడు. జోసెప్పు చాలాసేపు మాట్లాడాడట. మాస్టారు తిన్నగా మా ఇంటికొచ్చి తలుపు కొట్టాడు. తీశాను. ఆయన వెనక నాలుగడుగుల దూరంలో జోసెప్పు, మెడలో దండ అలాగే ఉంది.

"సతొ కొహొ, మా," అన్నాడు మాస్టారు. నిజం చెప్పు తల్లీ అని. తర్వాత తనకొచ్చిన తెలుగులో మెల్లిగా చెప్పాడు. "నువ్విచ్చావని చెప్పు చాలు. దండ నేను తీయిస్తాను. మీ నాన్నతో నేను మాట్లాడతాను, నీ మీద చెయ్యి పడనివ్వను. ఆ పిల్లవాడు ఎల్లుండి మళ్ళీ ఆడతాడు."

జోసెప్పు ఈసారి నవ్వడం లేదు. నన్ను చూస్తున్నాడు.

"నానివ్వనేదు మాస్టారూ," అన్నాను.

మొదటిసారి చెప్పింది భయంతో. ఎదురుగా నాయిన, కులం మొత్తం. దాన్ని దేవుడు క్షమిస్తాడేమో. రెండోసారికి అంత భయం లేదు. మాస్టారి మాట నాయిన తీసెయ్యడు, ఆ సంగతి నాకు తెలుసు. మహా అయితే రెండు దెబ్బలు, ఒక ఏడాది ఆడవాళ్ళ నోళ్ళు. పెళ్ళి కూడా ఆగేది కాదేమో, దానయ్యకి నేనంటే ప్రాణం. అయినా చెప్పలేదు. గంట క్రితం అందరి ముందు అన్నమాట వెనక్కి తీసుకుంటే అబద్ధాలకోరునంటారని చెప్పలేదు. అదీ కారణం. ఇంతకంటే గౌరవమైన కారణం ఏదైనా ఉందా అని ఇన్నేళ్ళూ వెతికాను. దొరకలేదు.

జోసెప్పు దండ తానే మెడలోంచి తీశాడు. విసిరేస్తాడనుకున్నాను. మా గుమ్మం ముందు పరిచిన వల దగ్గర కూర్చుని, దారం తెంపి, ఆ కవ్వళ్ళని ఒక్కొక్కటే ఎండ తగిలేలా వల మీద సర్దాడు. లేచి గదిలోకి వెళ్ళి సంచీ తెచ్చుకున్నాడు. మాస్టారు సైకిలు నడిపిస్తూ ముందు, వాడు వెనక, బస్సు రోడ్డు వైపు వెళ్ళిపోయారు. నా గుమ్మం వైపు తిరిగి చూడలేదు.

బయటి దేశం వాళ్ళు మన లీగుకి అలవాటు పడరని ఆ తర్వాత ఊళ్ళో స్థిరమైపోయింది. సంఘం మళ్ళీ ఎవర్నీ తేలేదు. నాయిన చనిపోయే దాకా అదే మాట అన్నాడు. ఎవరైనా అడిగితే నేనూ అన్నాను. చూశాం కదా, మా ఇంట్లోనే ఉన్నాడు కదా, పాలూ గుడ్లూ పోసి మేపాం, అయినా దొంగబుద్ధి పోలేదు. ఇవి నా నోటితో అన్న మాటలు. దానయ్యని చేసుకున్నాను. మంచి మొగుడు. తాగి చెయ్యెత్తలేదు, సముద్రం నుంచి వచ్చి ముందు నేను తిన్నానా అని అడిగేవాడు. దాదాపు నలభై ఏళ్ళ కాపురంలో మా ఇద్దరి మధ్య ఆ సంగతి ఒక్కసారి కూడా రాలేదు. ఎవరైనా జోసెప్పు దండ అని నవ్వితే మాత్రం తాను లేచి, పడవ చూసొస్తానని వెళ్ళిపోయేవాడు. నేను కూర్చుని నవ్వేదాన్ని. ఆయన పోయి రెండేళ్ళయింది.

ఇప్పుడు మా ఇసుక లేదు, సముద్రం తినేసింది. ఉప్పు తొట్టెలున్న చోట ఇప్పుడు అలలు. బరంపురంలో కోడలు ఎండు చేప కాల్చాలంటే కిటికీలన్నీ మూసి, తలుపు కింద తడిగుడ్డ పెడుతుంది, పై అంతస్తు వాళ్ళు మాట్లాడకుండా ఉండడానికి. లిప్సా మాత్రం టిఫిను డబ్బాలో పెట్టుకుని కాలేజీకి పోతుంది, ఎవరేమన్నా అక్కడే తింటుంది. దాని ధైర్యంలో పావు వంతు నాకుంటే ఈ కాగితాలు రాసే పని ఉండేది కాదు.

పోయిన ఆదివారం ఎర్రన్న స్నేహితులిద్దరు భోజనానికి వచ్చారు. టీవీలో ఆట పెట్టారు. లిప్సా తిట్టే ఆ ఆటగాడే ఖాళీ గోలు ముందు బంతి బయటికి తన్నాడు. ఎర్రన్న పెద్దగా నవ్వి, వచ్చినవాళ్ళకి జోసెప్పు కథ మొదలుపెట్టాడు. వాళ్ళ తాత తెచ్చిన దొర, ఇసుక మీద చేపలు దొంగిలించడం, దండకి దండం పెట్టడం. వాడు బాగా చెబుతాడు. దండం పెట్టి కూడా చూపించాడు. ఆ దండం సరిగ్గా అలాగే ఉంది, చూడనివాడు ఎలా పెట్టాడో నాకు తెలియదు.

"ఆడు తియ్యనేదురా," అన్నాను. "నానే ఎట్టినాను."

ఎర్రన్న నవ్వు ఆపలేదు. "ఏటమ్మా?"

"రోజూ ఎట్టినాను. మూట కట్టి ఇచ్చింది నానే. పెద్దోల ముందు అబద్దం సెప్పినాను. మాస్టారొచ్చి అడిగితే మల్లీ సెప్పినాను."

స్నేహితులు కంచాల్లోకి చూస్తున్నారు. ఎర్రన్న టీవీ ఆపి అడిగాడు. "నాయినకి తెలుసా?"

అబద్ధం చెప్పడానికి అది కూడా మంచి చోటే. చచ్చిపోయిన మనిషి, కొడుక్కి దేవుడు.

"మీ నాయినే సెప్పమన్నాడు," అన్నాను.

వాడు అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు. వచ్చినవాళ్ళని పంపించి, చొక్కా వేసుకుని ఐసు గోడౌనుకి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. దానికి నేనేమీ అనను.

లిప్సా మర్నాడు కాలేజీ నుంచి వచ్చి నా మంచం మీద కూర్చుంది. పూర్తి పేరు అడిగింది. జోసెప్పు అని తప్ప నాకు తెలియదన్నాను. దేశం పేరు, మా ఊరు, కలకత్తా, అన్నీ కలిపి ఫోనులో కొట్టింది. ఆ రోజుల్లో మన దేశానికొచ్చి ఆడిపోయిన పాత ఆటగాళ్ళ ఫోటోలు వచ్చాయి, ఇప్పుడందరూ ముసలివాళ్ళు. ఒక్కొక్కటే నా కళ్ళ ముందు పెట్టి, "ఈయనా?" అని అడిగింది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. కాదన్నాను, కాదన్నాను. ఏడోదో ఎనిమిదోదో ఒక ఫోటోలో తెల్లగడ్డం మనిషి పడవకి ఆనుకుని నిలబడ్డాడు. నవ్వుతున్నాడు. వెనక ఇసుక మీద వలలు పరిచి ఉన్నాయి. బతికే ఉన్నాడట, మనవలున్నారట, కుర్రాళ్ళకి ఆట నేర్పుతాడట. లిప్సా చదివి చెబుతుంటే నా ఒళ్ళంతా తేలికైపోయింది. వాడో కాదో తెలియకపోయినా ఊఁ అంటే చాలు. అది వాళ్ళ నాన్నకి చూపిస్తుంది, ఆ ఫోటోలో మనిషికి ఇంగ్లీషులో ఉత్తరం రాస్తుంది, ఆయనేదో జవాబిస్తాడు.

"సరిగ్గా సూడు మామ్మా. ఈయనేనా?"

ఫోను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాను. వాడి చేతులు గుర్తున్నాయి, ఉప్పు విదిలించిన వేళ్ళు గుర్తున్నాయి, తల ముందు కొరికిన పళ్ళు గుర్తున్నాయి.

"తెల్దే," అన్నాను. "ఆడి మొకం నాకు గేపకం నేదు."